నీటికి లెక్క రాసేవాళ్లు

ఎత్తయిన ఆఫీసు భవనాల్లో మెట్ల గది పక్కన ఎర్రరంగు పైపు ఒకటి నేల నుంచి పై అంతస్తు దాకా నిలువునా సాగిపోతుంది. పనివాళ్లు దాన్ని రైజర్ అంటారు. మంట వస్తే పైకప్పు నుంచి నీరు చిమ్మే స్ప్రింక్లర్లకు నీరు అందించేది అదే. శ్రద్ధగా కట్టిన భవనమైతే ఆ పైపు మొదట్లో, పెద్ద వాల్వు దగ్గర, అరచేతి వెడల్పున్న రేకు ఒకటి గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. రోజూ ఆ దారిన నడిచేవాళ్లు దాన్ని గమనించరు. గమనించినా నాలుగు అంకెలు తప్ప మరేమీ కనిపించవు. కానీ ఆ భవనంలో ఉన్న రాతకోతలన్నిటిలోకీ నేను ఎక్కువగా గౌరవించేది ఆ రేకునే.

దాని మీద ఉండేవి ఇవి: ఈ పైపు ఏ భాగానికి నీరు ఇస్తుంది, అక్కడ ఏ తరహా వాడకం ఉంటుందని లెక్క కట్టారు, చదరపు మీటరుకు నిమిషానికి ఎంత నీరు పడాలి, ఎంత విస్తీర్ణం మీద పడాలి, అందుకు రైజర్ అడుగున ఎంత ప్రవాహం, ఎంత ఒత్తిడి కావాలి, అగ్నిమాపక సిబ్బంది గొట్టాలకు ఇంకెంత పక్కన పెట్టారు, వ్యవస్థను బిగించిన సంస్థ ఏది. అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వారి ఎన్‌ఎఫ్‌పీఏ 13 అనే ప్రమాణం ఇవన్నీ ఉండాలంటుంది. రేకు చెరిగిపోని అక్షరాలతో, తుప్పుపట్టని తీగతోనో గొలుసుతోనో కట్టి ఉండాలని కూడా అంటుంది. మనకూ స్ప్రింక్లర్ల గురించి ఐఎస్ 15105 అనే భారతీయ ప్రమాణం ఉంది, 2016 నాటి జాతీయ భవన నియమావళి నాలుగో భాగం ఉంది. స్ప్రింక్లర్ దస్త్రాల పద్ధతిని నేను ఇక్కడ ప్రధానంగా ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణాల మీదుగానే పరిచయం చేస్తున్నాను. రాతపనిని అంత ఓపికగా ఆలోచించిన గ్రంథం ఈ రంగంలో నాకు మరొకటి కనబడలేదు.

రేకు మీది అంకెలు ఎంత మాట్లాడతాయో చూడండి. ఒక మిల్లీమీటరు నీరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలో దుకాణాల అంతస్తుకు నిమిషానికి 8.1 మిల్లీమీటర్లు, 139 చదరపు మీటర్ల మీద పడాలి. ఒక్కో స్ప్రింక్లర్ 12 చదరపు మీటర్లు తడుపుతుందనుకుంటే పన్నెండు స్ప్రింక్లర్లు ఒకేసారి తెరుచుకున్నా చాలేంత నీరు, అంటే స్ప్రింక్లర్లకే నిమిషానికి పదకొండు వందల లీటర్ల పైచిలుకు, సిద్ధంగా ఉండాలన్నమాట. ఒక్కో స్ప్రింక్లర్ తల నుంచి నిమిషానికి దాదాపు 97 లీటర్లు రావాలి. మామూలు స్ప్రింక్లర్‌కు కె-విలువ 80 ఉంటుంది. ఒక బార్ ఒత్తిడి దగ్గర అది 80 లీటర్లు పోస్తుంది. 97 పోయాలంటే దాదాపు ఒకటిన్నర బార్ కావాలి. ప్రవాహం రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు పెరగాలి. పైనున్న చిట్టచివరి తల దగ్గర ఈ ఒత్తిడి మిగలడానికి, మధ్యలో ప్రతి మలుపూ ప్రతి పైపూ ఎంత తినేస్తాయో కలుపుకుంటూ వెనక్కి లెక్కేసుకుని రైజర్ అడుగుకు వస్తారు. పదుల పుటల ఆ లెక్కంతా రేకు మీద రెండు అంకెలుగా దిగుతుంది. ఆ రెండు అంకెలు తెలిస్తే, ఈ భవనాన్ని ఎన్నడూ చూడని మనిషి కూడా నీరు పారించి, కొలిచి, నీరు చాలుతుందో లేదో అంచనా కట్టగలడు.

ఈ పని ఊరికే పుట్టలేదు. 1890ల్లో బోస్టన్ చుట్టుపక్కల నూరు మైళ్ల లోపలే పైపుల కొలతలకూ స్ప్రింక్లర్ల మధ్య దూరానికీ ఒకదానితో ఒకటి పొసగని తొమ్మిది రకాల పద్ధతులు అమల్లో ఉండేవి. 1895లో బీమావాళ్లూ, స్ప్రింక్లర్లు తయారుచేసేవాళ్లూ కూర్చుని మాట్లాడుకోవడం మొదలైంది ఈ గందరగోళం వల్లనే. మరుసటి ఏడే ఎన్‌ఎఫ్‌పీఏ ఏర్పడింది. ఒకరు బిగించినదాన్ని మరొకరు చదవగలగాలన్న అవసరమే ఆ సంస్థకు మూలం.

ఇంకొంచెం దగ్గరగా, స్ప్రింక్లర్ తల దాకా వెళ్దాం. బొటనవేలంత ఇత్తడి వస్తువు, మధ్యలో సన్నని గాజు బుడ్డి. ఎర్ర బుడ్డి 68 డిగ్రీలకు పగులుతుంది, పసుపుది 79కి, ఆకుపచ్చది 93కి. నీటిని చిమ్మే పళ్ల చక్రం మీద తయారైన సంవత్సరం, ఉష్ణోగ్రత, అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటాయి. ఈ గుర్తింపు సంఖ్య 2001 నుంచి వచ్చింది. అప్పటినుంచి నిచ్చెన ఎక్కి చూస్తే చాలు, ఏ కంపెనీది, ఏ నమూనా, కె-విలువ ఎంత అనేది తలే చెబుతుంది. కింద రైజర్ దగ్గర చిన్న ఎర్రపెట్టె ఒకటి ఉంటుంది. అందులో విడి స్ప్రింక్లర్లు ఉంచుతారు: భవనంలో మూడు వందల లోపు తలలుంటే ఆరు, వెయ్యి దాకా పన్నెండు, అంతకు మించితే ఇరవైనాలుగు. బిగించే పానా కూడా అందులోనే. మూతకు లోపలివైపు ఒక జాబితా అతికించి ఉండాలి. భవనంలో ఏయే రకాల తలలున్నాయి, వాటి గుర్తింపు సంఖ్యలేమిటి, పెట్టెలో ఏ రకానివి ఎన్ని ఉండాలి, ఈ జాబితా ఏ తేదీన రాసింది. తేదీ అన్నారు చూడండి, అక్కడ ఉంది పనితనం. తేదీ లేని జాబితా నిన్నటిదో పదేళ్ల కిందటిదో ఎవరికీ తెలియదు.

ఆ జాబితా విలువ ఎంతో అమెరికాలో రెండుసార్లు తేలింది. 1998లో సెంట్రల్ స్ప్రింక్లర్ కంపెనీ తాను తయారుచేసిన ఒమేగా అనే రకం స్ప్రింక్లర్లను, దాదాపు 84 లక్షలను, మార్చి ఇవ్వవలసి వచ్చింది. మంట వచ్చినా తెరుచుకోకపోవచ్చని పరీక్షల్లో బయటపడింది. 2001లో అదే సంస్థ రబ్బరు వలయం ఉన్న తన స్ప్రింక్లర్లు మరో మూడున్నర కోట్లను వెనక్కి తీసుకుంటానని ప్రకటించింది. అటువంటి ప్రకటన వచ్చిన రోజున ఒక భవన యజమానికి ఏం కావాలి? తన ఇరవై అంతస్తుల్లో ఆ రకం తలలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే ఒక్క కాగితం. ఆ కాగితం ఉన్నచోట సరైన అంతస్తుకు నేరుగా వెళ్లి మార్చేస్తారు. లేనిచోట ప్రతి గదిలోనూ నిచ్చెన వేయాలి, ఫాల్స్ సీలింగ్ పలకలు ఒక్కొక్కటే తీయాలి, ఏ మూలనో ఒకటి తప్పిపోయిందేమోనన్న అనుమానం అప్పటికీ మిగులుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ప్రియమైన పుట దగ్గరకు వస్తాను. అది మెయిన్ డ్రెయిన్ పరీక్ష పట్టిక.

రైజర్ అడుగున, వాల్వు దాటిన వెంటనే, నీటిని బయటికి వదిలే పైపు ఒకటి ఉంటుంది, చాలాచోట్ల రెండంగుళాలది. కనీసం ఏడాదికొకసారి దాన్ని పూర్తిగా తెరవాలి. తెరవక ముందు గేజి ముల్లు ఎక్కడుందో రాసుకుంటారు. అది నిలకడ ఒత్తిడి. నీరు ధారగా పోతుండగా ముల్లు కుదుటపడ్డాక మరో అంకె రాసుకుంటారు. అది పారుదల ఒత్తిడి. తర్వాత నెమ్మదిగా మూసి, ముల్లు పాత చోటికి రావడానికి ఎంతసేపు పట్టిందో రాస్తారు. పని అంతే. పావుగంటలో అయిపోతుంది. అయినా భవనం పొట్టలోపల ఏం జరుగుతోందో దీనంత స్పష్టంగా చెప్పే పరీక్ష మరొకటి అరుదు.

ఎందుకంటారా? భూమిలో ఎక్కడో, రోడ్డు పక్కన ఇనుప మూత కింద, ఒక వాల్వు మూడొంతులు మూసి ఉందనుకోండి. మరమ్మతుకు వచ్చినవాళ్లు మూసి, పని అయ్యాక పూర్తిగా తెరవకుండా వెళ్లారు. నీరు కదలనంతసేపు మూడొంతులు మూసిన వాల్వుకూ బార్లా తెరిచిన వాల్వుకూ తేడాయే ఉండదు. గేజి నిండు ఒత్తిడి చూపిస్తుంది. రోజూ వచ్చి గేజి చూసి సంతకం పెట్టేవాడికి ఏళ్ల తరబడి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నీరు పారితేనే ఆ ఇరుకు బయటపడుతుంది. ఉదాహరణకు, భవనం అప్పగించిన నాడు నిలకడ ఒత్తిడి 6.0 బార్, పారుదల ఒత్తిడి 4.8. రెండో ఏడు 6.0, 4.7. మూడో ఏడు 6.0, 4.1. మొదటి గడిలో మూడేళ్లూ ఒకే అంకె. రెండో గడిలో మాత్రం నీళ్లదారి ఇరుకైందన్న నిజం ఉంది. ఏ వాల్వో వెతుక్కోవలసిందే.

వ్యవస్థల తనిఖీ, పరీక్ష, నిర్వహణ గురించి 1992లో మొదటిసారి వెలువడిన ఎన్‌ఎఫ్‌పీఏ 25 ఇక్కడ ఒక గట్టి గీత గీసింది. పారుదల ఒత్తిడి పది శాతం పడిపోతే కారణం వెతకాలి. దేనితో పోల్చి పది శాతం? నిరుటి అంకెతోనే కాదు, మొదటి రోజు అంకెతో కూడా. ఈ మాట రాసినవాళ్ల తెలివికి నేను నమస్కరిస్తాను. 4.8 కాస్తా 4.6, తర్వాత 4.4, తర్వాత 4.2 అవుతూ పోతే, ఏ ఏటికా ఏడు తరుగు ఐదు శాతం లోపే. నిరుటితో మాత్రమే పోల్చేవాడికి ఎప్పటికీ అనుమానం రాదు. మొదటి అంకె పక్కన పెట్టి చూస్తే పన్నెండున్నర శాతం పోయింది. అందువల్ల మంచి పట్టికలో మొట్టమొదటి పరీక్ష అంకెను పైవరుసలో శాశ్వతంగా ఉంచి, దాని కింద ఏటేటా రాసుకుంటూ వస్తారు. కొత్త పుస్తకం మొదలైనా ఆ వరుస ముందుగా కొత్త పుటలోకి ఎక్కుతుంది.

నేర్పరి రాసిన పట్టికలో మరికొన్ని చిన్న గడులుంటాయి. పరీక్ష సమయంలో పంపు నడుస్తోందా, ఆగి ఉందా? టాంకులో నీరు ఎంత మట్టంలో ఉంది? చూసిన గేజి సంఖ్య ఎంత, దాన్ని సరిచూసి ఎన్నాళ్లయింది? గేజిని ఐదేళ్లకొకసారి సరిచూడటమో మార్చడమో చెయ్యాలి. పంపు ఆగి ఉన్నప్పటి అంకెను నడుస్తున్నప్పటి అంకెతో పోలిస్తే వచ్చేది తప్పుడు భయమో తప్పుడు ధైర్యమో తప్ప మరొకటి కాదు. పట్టణపు నీటి ఒత్తిడి మీద ఆధారపడకుండా సొంత టాంకు, సొంత పంపులతో నడిచే మన భవనాలకు ఈ గడులు ఇంకా ముఖ్యం.

ఏ కాగితం ఎన్నాళ్లుండాలన్న దాంట్లో కూడా ఇటువంటి వివేకమే ఉంది. కట్టినప్పటి డ్రాయింగులు, హైడ్రాలిక్ లెక్కలు, మొదటి పరీక్షల నివేదికలు, తయారీదారుల పత్రాలు వ్యవస్థ ఉన్నంత కాలం ఉండాలి. తర్వాతి తనిఖీల కాగితాలు అదే రకం తనిఖీ మళ్లీ జరిగాక ఇంకో ఏడాది ఉంటే చాలు. మన ఊళ్ల భూమి లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు. ఆర్‌ఎస్‌ఆర్ అనే మూల రిజిస్టరు తరాలు మారినా మారదు. అడంగల్ ఏటా పొలం చూసి రాస్తారు, ఈ ఏడు ఏ చేలో ఎవరున్నారు, ఏ పంట ఉందని. చేను దాకా నడవకుండా రచ్చబండ దగ్గర కూర్చుని రాసిన అడంగల్ ఎన్ని తగవులు తెచ్చిందో చెప్పనక్కర్లేదు. స్ప్రింక్లర్ తనిఖీ కాగితానికి కూడా ప్రాణం మెట్లెక్కి చూసి రావడంలోనే ఉంది.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. వార్షిక నిర్వహణ ఒప్పందాల కింద వచ్చే నివేదికల్లో ఎన్నో గడుల్లో ‘ఓకే’ అని ఉంటుంది, లేదంటే టిక్కు గుర్తు. కొన్ని గడులకు టిక్కు చాలు: వాల్వు తెరిచి ఉందా, తాళం ఉందా. కానీ ఒత్తిడి గడిలో ‘ఓకే’ రాస్తే అది కొలత కాదు, రాసినవాడి అభిప్రాయం. వచ్చే ఏడాది దాన్ని దేనితో పోల్చాలి? మంచి తనిఖీదారు కొలవగలిగిన చోటల్లా కొలత రాస్తాడు, చూడలేకపోయిన చోట చూడలేదని రాస్తాడు. ‘పద్నాలుగో అంతస్తు సర్వర్ గదికి తాళం ఉంది, లోపలి తలలు చూడలేదు’ అన్న ఒక్క వాక్యం పేజీ నిండా టిక్కుల కన్నా విలువైనది. అది చదివినవాడు తాళం తెప్పించి వెళ్లి చూస్తాడు.

దొరికిన లోపాలను విడదీసే తీరు కూడా చూడదగ్గది. ఎన్‌ఎఫ్‌పీఏ 25 లోపాలన్నిటినీ ఒకే బుట్టలో వెయ్యదు. మంట వస్తే వ్యవస్థ పనిచెయ్యని పరిస్థితి ఒక మెట్టు. సరిదిద్దకపోతే పనితీరును గట్టిగా దెబ్బతీసేది దాని కింది మెట్టు. పనికి అడ్డురాదు గానీ నియమానికి తగ్గట్టు లేనిది మూడో మెట్టు. మూసి ఉన్న వాల్వూ, రంగు పులుముకున్న తలా, ఊడిపోయిన రేకూ ఒకే వరుసలో ఒకే అక్షరాలతో ఉంటే యజమాని మూడో లోపం సరిచేయించి మొదటిది మరిచిపోగలడు. అందుకే తూకం వేసి రాస్తారు.

ఈ దస్త్రంలో నిజంగా గుండె దిటవు కావలసిన కాగితం ఒకటుంది. వ్యవస్థను ఆపినప్పుడు కట్టే చీటీ. మరమ్మతుకో మార్పుకో నీరు మూసేటప్పుడు ఎవరు మూశారు, ఎందుకు, ఏ భాగానికి, ఎప్పటినుంచి, ఎప్పుడు తెరుస్తారు అన్నవి రాసి ఆ వాల్వుకే కట్టాలి. ఫైరింజన్ వచ్చి గొట్టం తగిలించే చోట కూడా కట్టాలి, వచ్చినవాళ్లకు లోపల నీరు లేదని ముందే తెలియాలి కనుక. ఈ పనికి బాధ్యుడుగా ఒక మనిషిని యజమాని నియమించాలి. ఇరవైనాలుగు గంటల్లో పది గంటలకు మించి నీరు లేకపోతే ఆ భాగం ఖాళీ చేయించడమో, అందుకే కేటాయించిన కాపలా పెట్టడమో, తాత్కాలికంగా వేరే నీరు ఏర్పాటు చెయ్యడమో, నిప్పు పుట్టే పనులన్నీ ఆపించడమో జరగాలి. పని ముగిశాక వాల్వు తెరిచి, పరీక్షించి, అందరికీ తెలిపి, ఆ తర్వాతే చీటీ తియ్యాలి. మూసి ఉన్న వాల్వు ఎంత పని చేస్తుందో 1988 మే 4 రాత్రి గురించి చదివితే తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో అరవైరెండు అంతస్తుల ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంకు భవనంలో స్ప్రింక్లర్లు బిగించే పని తొంభై శాతం పూర్తయింది. పైపులున్నాయి, తలలున్నాయి. నీరు పారితే మోగే అలారం పరికరాలు ఇంకా బిగించవలసి ఉన్నందున వాల్వులు మూసి ఉంచారు. పన్నెండో అంతస్తులో మంట లేచింది. పదహారో అంతస్తు దాకా ఎక్కింది. ఏం జరిగిందో చూడబోయి లిఫ్టులో పైకి వెళ్లిన నిర్వహణ ఉద్యోగి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

మూడేళ్లు తిరగకుండానే ఫిలడెల్ఫియాలో జరిగింది ఇంకా ఘోరం. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. ముప్పైఎనిమిది అంతస్తుల వన్ మెరీడియన్ ప్లాజాలో ఇరవైరెండో అంతస్తు. చెక్కపలకలకు నూనె మెరుగు పెట్టినవాళ్లు వదిలి వెళ్లిన అవిసెనూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకున్నాయి. అగ్నిమాపక సిబ్బంది మెట్ల గదిలోని వాల్వుకు గొట్టాలు తగిలిస్తే నీరు బలంగా రాలేదు. ఎత్తయిన భవనాల్లో కింది అంతస్తుల దగ్గర ఒత్తిడి మరీ ఎక్కువవుతుందని తగ్గించే వాల్వులు పెడతారు. వాటిని ఏ అంతస్తులో ఎంతకు తిప్పి ఉంచాలో లోపలికి వచ్చే ఒత్తిడిని బట్టి పట్టిక చూసి నిర్ణయించాలి. తిప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అక్కడ అవి తప్పుగా అమర్చి ఉన్నాయి. ముగ్గురు అగ్నిమాపక ఉద్యోగులు పొగలో చిక్కుకుని మరణించారు. భవనం కూలవచ్చన్న భయంతో చివరికి అందరినీ బయటికి పిలిచేశారు. మంట మాత్రం పైకి ఎక్కుతూనే పోయింది.

అది ఆగింది ముప్పయ్యో అంతస్తులో. ఆ అంతస్తులో స్ప్రింక్లర్లు పెట్టించి ఉన్నారు. పది తలలు తెరుచుకున్నాయి. వందల మంది మనుషులు గంటల తరబడి పోరాడి ఆపలేని మంటను పది తలలు అదుపులోకి తెచ్చాయి. స్ప్రింక్లర్ల గొప్పతనం చెప్పేటప్పుడు అందరూ ఈ మాటే తలుస్తారు, తలవవలసిందే. నేను మాత్రం కింది మెట్ల గది దగ్గరే ఆగిపోతాను. వాల్వు చూడటానికి బాగానే ఉంది, తుప్పు లేదు, కారడం లేదు. టిక్కు పెట్టదగ్గ ప్రతి గడిలోనూ టిక్కు పెట్టవచ్చు. నీరు పారించి, ఒత్తిడి కొలిచి, ఆ అంతస్తుకు ఉండవలసిన అంకె పక్కన ఉన్న అంకె రాస్తే తప్ప బయటపడని లోపం అది. ఇటువంటి వాల్వులను ఐదేళ్లకొకసారి పూర్తి ప్రవాహంతో పరీక్షించి పాత ఫలితాలతో పోల్చాలని ఈనాటి ఎన్‌ఎఫ్‌పీఏ 25 చెబుతోంది. అంతస్తు సంఖ్య, వచ్చే ఒత్తిడి, పోయే ఒత్తిడి, ప్రవాహం, తేదీ: వాల్వుకొక వరస చొప్పున ఒక పట్టిక అవుతుంది, ఒక కాగితానికి రెండు వైపులా సరిపోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకెత్తు, అద్దె ఆఫీసుల్లో మార్పులు ఒకెత్తు. ఒక సంస్థ ఖాళీ చేస్తుంది, ఇంకో సంస్థ వస్తుంది. గోడలు పడతాయి, కొత్త గదులు లేస్తాయి, ఫాల్స్ సీలింగ్ కిందికి దిగుతుంది. ఒకప్పుడు హాలు మధ్యలో ఉన్న తల ఇప్పుడు గాజు గదికి అవతల పడుతుంది, గది లోపల ఒక్కటీ మిగలదు. వ్యవస్థలో ఏ తప్పూ లేదు, భవనమే దాని కింద మారిపోయింది. కాగితం మీది హాలూ కళ్లెదుటి గదులూ వేరువేరయ్యాయి. ఆఫీసు అంతస్తు ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలో తేలికపాటి అపాయం కింద వస్తుంది, నిమిషానికి 4.1 మిల్లీమీటర్లు చాలు. అదే అంతస్తు దుకాణమైతే 8.1 కావాలి. అంటే రేకు మీది అంకె చెరిపి కొత్తది రాసుకుంటే సరిపోదు. తలల మధ్య దూరం, పైపులు, పంపు అన్నీ తిరిగి లెక్కకు రావాలి.

దీన్ని పట్టుకోవలసింది ఎవరు? చాలామంది వార్షిక తనిఖీకి వచ్చేవాళ్లు అనుకుంటారు. కాదు. ఉన్న వ్యవస్థ ఉన్నట్టు పనిచేస్తోందా అని చూడటమే వాళ్ల పని. మొదటి లెక్క ఇప్పటి వాడకానికి చాలుతుందా అని తేల్చమని ప్రమాణం వాళ్లను అడగదు. వాడకం మారినప్పుడు, సరుకు మారినప్పుడు, గోడలు మారినప్పుడు వ్యవస్థను మళ్లీ లెక్క కట్టించవలసిన బాధ్యత యజమానిది, లేదా యజమాని తరఫున భవనం నడిపేవాళ్లది. తనిఖీ నివేదిక శుభ్రంగా ఉన్నా భవనం రక్షణ లేకుండా ఉండే సందు సరిగ్గా ఇక్కడే ఉంది. మంచి ఫెసిలిటీ మేనేజరు ఈ సందును ఒక చిన్న కట్టుబాటుతో మూసేస్తాడు. ఇంటీరియర్ పనికి అనుమతి ఇచ్చే కాగితంలోనే, పని ముగిశాక మారిన స్ప్రింక్లర్ డ్రాయింగు అప్పగించనిదే చివరి బిల్లు కదలదని రాయిస్తాడు. వచ్చిన డ్రాయింగు పట్టుకుని అంతస్తంతా తిరిగి, తలలు లెక్కపెట్టి, వాల్వు సంఖ్యలు సరిచూసి, మార్పు జరిగిన చోట మేఘం ఆకారంలో గీత చుట్టి, మార్పు సంఖ్యా తేదీ వేయించి, పాత ప్రతి మీద ‘రద్దు’ ముద్ర కొట్టి విడిగా దాచిపెడతాడు. పారేయడు. ఎప్పుడు ఏది ఎందుకు మారిందో తర్వాత అడిగేవాడికి ఆ పాత ప్రతే సమాధానం.

వాల్వుల పట్టికలో కూడా ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. డ్రాయింగులో ‘వాల్వు 7’ అని ఉంటే వాల్వు మెడలో వేలాడే బిళ్ల మీద అదే ఏడు ఉండాలి. అది ఏ అంతస్తులో ఏ భాగానికి నీరు ఆపుతుందో బిళ్ల మీదే రాసి ఉండాలి. స్ప్రింక్లర్ తెరుచుకుని మంట ఆరిపోయాక నీరు ఆగకుండా పోతూనే ఉంటుంది, దాన్ని కట్టాలి. బిళ్లలు సరిగా లేని భవనంలో కంగారుపడ్డ కాపలావాడు తప్పు వాల్వు మూస్తాడు, ఇంకో రెండు అంతస్తులకు నీరు పోతుంది. సరిగా ఉన్న భవనంలో పట్టిక చూసి ఒక్క వాల్వే మూస్తాడు, చీటీ కడతాడు, తల మార్చాక తెరుస్తాడు. రాసినవాడు ఆ సమయానికి ఏ ఊళ్లో ఉన్నా, వాడి రాత అక్కడ పనిచేస్తూనే ఉంటుంది.

హైదరాబాదులోనూ విశాఖపట్నం, విజయవాడల్లోనూ ఎత్తయిన భవనాలు ఏటేటా పెరుగుతున్నాయి. మన నియమావళి 15 మీటర్లూ ఆ పైనా ఉన్నదాన్ని ఎత్తయిన భవనం అంటుంది. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ రావడంతో పని అయిపోయిందనుకునే యజమానులు ఉన్నారు. ఎన్‌ఓసీ తెలిపేది తనిఖీ జరిగిన రోజు నాటి భవనాన్ని. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు, ఉద్యోగానికి వెళ్లిన యువతీ యువకులు. అటువంటి వార్త వచ్చిన వారం రోజులు అందరం అనుమతుల గురించి మాట్లాడుకుంటాం. అనుమతి కాగితాన్ని మించి అడగవలసినవి చాలా ఉన్నాయి.

మీరు పనిచేసే భవనంలో ఫెసిలిటీ మేనేజరు ఉంటారు. ఆయన్ని మర్యాదగా మూడు చూపించమనండి: రైజర్ దగ్గరి రేకు, గడిచిన ఐదేళ్ల డ్రెయిన్ పరీక్ష అంకెలు, మీ అంతస్తు తాజా డ్రాయింగు. డ్రాయింగు పట్టుకుని మీ తల మీది స్ప్రింక్లర్లు లెక్కపెట్టండి. సరిపోతే ఆ మనిషికి చెయ్యెత్తి దణ్ణం పెట్టండి. సరిపోకపోతే ఆ సంగతి ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి, కింద తేదీ వెయ్యండి.